కుడి అంచున ఉండవలసిన గుర్తు

నా పదవీ విరమణకు ఇరవై నెలల ముందు, జూన్ మొదటి సోమవారం ఉదయం, మా సంస్థ డైరెక్టరు నన్ను తన గదికి పిలిచి హీబ్రూ ఫాంటు పని అప్పగించారు. అంబత్తూరు పారిశ్రామికవాడలో లేతు మిషన్ల షెడ్లకూ ఒక గొడుగుల ఫ్యాక్టరీకీ మధ్య మా సంస్థ ఉండేది. ఒకప్పుడు సీసపు అక్షరాలు పోతపోసి ప్రెస్సులకు అమ్మేది. తరువాత కంప్యూటర్లకు ఫాంట్లు తయారుచేయడం మొదలుపెట్టింది. నా హోదా చీఫ్ డిజైనర్. ఆ హోదా కింద పదిమంది పనిచేసిన రోజులు నేను చూశాను. కొందరు రిటైరయ్యారు, కొందరు సాఫ్ట్‌వేర్ కంపెనీలకు వెళ్ళిపోయారు. నేను ఆ కుర్చీలో కూర్చునేసరికి పది బల్లలు మిగిలాయి, మనుషులు మిగల్లేదు. చీఫ్‌నూ నేనే, సిబ్బందినీ నేనే.

పని ఇచ్చింది విదేశంలోని ఒక ప్రార్థనా గ్రంథాల ప్రచురణకర్త. చూపు మందగించిన పెద్దవాళ్ళ కోసం పెద్ద అక్షరాల పుస్తకాలు వేయాలని వారి ఆలోచన. నాకు హీబ్రూలో ఒక్క ముక్క రాదని డైరెక్టరుతో చెప్పాను. తెలుగులో గుడులూ కొమ్ములూ వత్తులూ ముప్ఫై నాలుగేళ్ళుగా పెడుతున్నారు గదా, ఇదీ అక్షరం పైనా కిందా చుక్కలు పెట్టడమే అన్నారాయన. ఆయన అన్నది పూర్తిగా తప్పు కాదు. ఈ కథంతా పూర్తిగా తప్పు కాని ఆ మాటలోంచే వచ్చింది.

పని స్వరూపం కొంచెం చెప్పాలి. హీబ్రూలో అక్షరాలు ఇరవై రెండు. కుడి నుంచి ఎడమకు రాస్తారు. అవి హల్లులు మాత్రమే. అచ్చులు కావాలంటే అక్షరం కింద, పైన, ఒక్కోసారి పొట్టలో చుక్కలో గీతలో పెట్టాలి. వాటి మీద మరో వరస ఉంది, స్వర గుర్తులు. గ్రంథాన్ని పాడేటప్పుడు గొంతు ఎక్కడ లేవాలో, ఎక్కడ దిగాలో, ఏ మాట దగ్గర ఆగాలో అవి చెబుతాయి. వేదపాఠం పుస్తకాల్లో అక్షరం కింద అడ్డగీత, పైన నిలువుగీత చూసినవారికి సంగతి అర్థమవుతుంది. మనకు ఆ గీతలు రెండో మూడో. వాళ్ళకు ముప్ఫైకి దగ్గరగా ఉన్నాయి.

ఫాంటులో ప్రతి అక్షరానికీ కంటికి కనిపించని కొన్ని బిందువులు గుర్తిస్తాం. యాంకర్లు అంటాం వాటిని. ప్రతి గుర్తుకూ అలాంటి బిందువు ఒకటి ఉంటుంది. అక్షరం బిందువూ గుర్తు బిందువూ ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు గుర్తు తన చోట కూర్చుంటుంది. ఒక అక్షరం కింద అచ్చు గుర్తూ స్వర గుర్తూ రెండూ పడితే అవి పక్కపక్కన సర్దుకోవాలి. సన్నటి అక్షరం కింద చోటు చాలదు, అప్పుడు అక్షరాన్నే కాస్త జరపాలి. ఇరవై రెండు అక్షరాలూ, పదం చివర రూపం మార్చుకునే మరో అయిదూ, వాటికి అచ్చులూ, వాటికి స్వరాలూ వేసి చూస్తే వేల జతలు. ఒక్కొక్క జతనూ అచ్చు తీసి భూతద్దం కింద చూడాలి.

జూన్, జూలై అలాగే గడిచాయి. పక్క షెడ్డు సైరను మోగితే మధ్యాహ్నమైందని తెలిసేది. క్యారియరు విప్పుకుని నా బల్ల దగ్గరే తినేవాణ్ణి. కొన్నిరోజులు పొద్దున సెక్యూరిటీ మనిషికి వణక్కం చెప్పాక సాయంత్రం బస్సు కండక్టరుతో తప్ప మాట్లాడవలసిన పని పడేది కాదు. నేను పెళ్ళి చేసుకోలేదు. అంబత్తూరులోనే ఒక పోర్షన్‌లో అద్దెకుండేవాణ్ణి. ఆదివారాలు చింతాద్రిపేటలో మా అక్క ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఒంటరితనం నాకు అలవాటే, కాని ఆ వేసవిలో అది బరువనిపించింది. ఎంత గీసినా, బాగుందనో బాగోలేదనో చెప్పే మనిషి ఆ హాల్లో లేడు.

ఆగస్టులో ప్రచురణకర్త ఒక పరీక్షకుణ్ణి సూచించారు. ఆయన చెన్నైలోనే, వాషర్‌మెన్‌పేట్‌లో ఉంటారని తెలిసి ఆశ్చర్యపోయాను. పేరు ఎలియాస్. కొచ్చి యూదుల కుటుంబం. ఎనభై ఒక్క ఏళ్ళు. హార్బరులో క్రేన్ల ఇంజనీరుగా చేసి ఎప్పుడో రిటైరయ్యారు. అంతకుముందు విశాఖపట్నం పోర్టులో పద్దెనిమిదేళ్ళు ఉన్నారట. నాకు మలయాళం రాదు, ఆయన అరవం పోర్టు కూలీల అరవం. చివరికి మేమిద్దరం తెలుగులో కుదురుకున్నాం. ఆయనది విశాఖ రేవు తెలుగు, నాది పుస్తకం తెలుగు.

ప్రతి గురువారం మధ్యాహ్నం నేను ప్రూఫులు తీసుకుని వెళ్ళాలని ఏర్పాటు. బట్టల హోల్‌సేల్ కొట్టు మీద రెండో అంతస్తులో ఆయన ఇల్లు. భార్య పోయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. కంటి మధ్యభాగం మసకబారుతూ వచ్చే జబ్బు ఆయనకు. ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం సరిగా ఆనదు, పక్కన గోడ మీది క్యాలెండరు ఆనుతుంది. దీపం ముందు భూతద్దం పట్టుకుని ఒక్కొక్క గుర్తునూ చూసి, పేరు చెప్పి, ఎక్కడుండాలో చెప్పేవారు. నేను రాసుకునేవాణ్ణి. మొదటి రోజు నేను వేసిన అక్షరాలు చూసి నవ్వారు.

“ఏటి సార్, మీ అక్షరాలన్నీ బొద్దుగా ఉన్నాయి. అచ్చం మన తెలుగు అక్షరాల్లాగ. పర్లేదు నెండి, బాగా తిన్నట్టున్నాయి.”

ఆ మాటకు నాకు కోపం రాలేదు. మూడు నెలల్లో నా పని గురించి ఎవరైనా అన్న మొదటి మాట అది. తరువాతి వారం ఆ గుండ్రదనం తగ్గించి తీసుకెళ్ళాను.

ఆయన దగ్గరే నాకు అసలు సంగతులు తెలిశాయి. యూదుల ప్రార్థనాలయంలో చదివే తోలు గ్రంథపు చుట్టలో ఈ గుర్తులేవీ ఉండవు. చదివేవాడు గుర్తులున్న పుస్తకంలోంచి రాగం నేర్చుకుని వెళ్ళాలి. ప్రవక్తల గ్రంథాల్లోంచి చదివే భాగాన్ని మాత్రం గుర్తులున్న పుస్తకం చూసే పాడవచ్చు. ఆయన తండ్రి కొచ్చిలో పిల్లలకు ఈ చదువు నేర్పేవారట. పదిహేడో ఏట పోర్టు ఉద్యోగం వచ్చి ఊరు వదిలాక ఎలియాస్ గారు సభలో పాడలేదు. తండ్రి నేర్పిన సూత్రం ఒకటి ఆయన నాకు చాలాసార్లు చెప్పారు. నోటికి ఒకలా వచ్చి, పేజీలో ఇంకోలా ఉంటే పేజీ మాటే వినాలి. అలవాటు మోసం చేస్తుంది, పేజీ చేయదు.

నవంబరుకు గుర్తులన్నిటినీ విడివిడిగా, ఒక్కో అక్షరంతో జతచేసి అచ్చు తీశాం. అప్పటికి గుర్తుల స్థానాలన్నీ నేను చేత్తో సర్దినవే. ఆయన మూడు గురువారాలు కూర్చుని చూసి ప్రతి పేజీ కిందా సంతకం చేశారు. రివ్యూ ముగిసింది. మా సంస్థ నియమం ప్రకారం ఆ తరువాత ఏ మార్పు చేసినా పరీక్షకుడికి తిరిగి చూపించాలి. ఆ నియమాన్ని రాసింది నేనే.

డిసెంబరులో స్థానాలను ఫాంటులో పట్టికలుగా రాయడం మొదలుపెట్టాను. ఇక్కడ రెండు గుర్తుల గురించి చెప్పాలి. ఒకదాని పేరు యెతీవ్, రెండోదాని పేరు మహపాఖ్. రెండింటి ఆకారమూ ఒకటే, లెక్కల్లో ‘కంటే తక్కువ’ అని రాసే చిన్న కోణం. రెండూ అక్షరం కిందే వస్తాయి. మా వృత్తిలో ఒకే ఆకారాన్ని రెండుసార్లు గీయడం తెలివితక్కువ. సీసపు అక్షరాల కాలం నుంచీ ఒకే అచ్చు రెండు మూడు చోట్లకు పనికొస్తే అలాగే వాడేవాళ్ళం. తెలుగు ఫాంట్లలో నేను అలా ఎన్నో ముక్కలు ఆదా చేశాను, అందుకు పేరు కూడా తెచ్చుకున్నాను. ఇక్కడా అదే చేశాను. మహపాఖ్‌ను ఉంచి, యెతీవ్‌ను దానికే ముడిపెట్టాను. ఆకారంతోపాటు యాంకరు కూడా ముడిపడింది.

అలా చేశాక ఇంకో లాభం కనిపించింది. వాళ్ళ పంక్తి కుడి అంచు నుంచి మొదలవుతుంది. యెతీవ్ పంక్తి మొదటి మాటలో పడితే అక్షరం దాటి కుడివైపుకు పొడుచుకొచ్చి మార్జిను పాడుచేసేది. అది చూసినప్పుడల్లా నాకు చిరాకుగా ఉండేది. ఇప్పుడది బుద్ధిగా లోపలికి వచ్చి కూర్చుంది. పేజీ శుభ్రంగా కనిపించింది. ఆకారం మారలేదు కాబట్టి మళ్ళీ చూపించనక్కర్లేదు అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అనుకోవడం కూడా కాదు, ఆ ప్రశ్నే నాకు రాలేదు.

జనవరిలో ఒక గురువారం ఎలియాస్ గారు నన్నొక సహాయం అడిగారు. ఫిబ్రవరి ఆఖరి శనివారం ఆయన తండ్రి పోయిన తిథి దగ్గర పడుతుంది. ఆ శనివారం ప్రవక్తల భాగాన్ని కొడుకు పాడటం ఆనవాయితీ. ఇన్నేళ్ళుగా ఆయన పాడలేదు. కొచ్చిలో మిగిలినవాళ్ళు కొద్దిమంది, సభ జరగాలంటే పదిమంది మగవాళ్ళు ఉండాలి. ఈసారి బయటిదేశం నుంచి వచ్చే అతిథులతో ఆ సంఖ్య కుదురుతుందని, ఆయన్ని వచ్చి పాడమని పినతండ్రి కొడుకు కబురు చేశాడట. పాత పుస్తకంలో అక్షరాలు ఇక ఆయనకు ఆనవు. భూతద్దం పట్టుకుంటే ఒక్కో అక్షరం కనిపిస్తుంది గాని రాగం నడవదు. కంటి డాక్టరు వచ్చే ఏడాదికి పెద్ద అక్షరాలూ కష్టమేనని చెప్పాడు.

“ఈ ఒక్క ఏడే సార్. మీ బొద్దు అక్షరాలతో ఆ అధ్యాయం తీసివ్వండి. ఆళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నోడు ఆళ్ళ నాన్న కోసం ఒకసారి పాడినాడనిపించుకుంటాను.”

ముప్ఫై ఆరు పాయింట్లలో, అంటే మామూలు పుస్తకం అక్షరానికి మూడింతల సైజులో, మందపాటి కాగితం మీద, పన్నెండు పేజీలు అచ్చు తీసి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చాను. అవి డిసెంబరు మార్పు తరువాతి ఫాంటుతో తీసినవి. ఆయన ఆ పేజీలు కళ్ళకు దగ్గరగా, కొంచెం పక్కకు పెట్టుకుని మొదటి పంక్తి పాడారు. నేను గీసిన గుర్తులకు గొంతు ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ సాయంత్రం లోకల్ రైల్లో అంబత్తూరు వస్తూ నేను సంతోషంగా ఉన్నాను. ఉద్యోగంలో చాలా ఏళ్ళుగా అంత సంతోషం ఎరగను.

అక్కణ్ణుంచి గురువారాలు ఆఫీసు పనిగా మిగల్లేదు. చూపించవలసిన ప్రూఫులు అయిపోయినా ఏదో ఒక షీటు పట్టుకుని వెళ్ళేవాణ్ణి. ఆయన ఏలక్కాయ వేసిన నల్ల టీ ఇచ్చేవారు. సాధన ఎంతవరకు వచ్చిందో చెప్పేవారు. కొన్నిచోట్ల చిన్నప్పుడు నేర్చుకున్నదానికీ పేజీకీ పొసగడం లేదనీ, పేజీ ప్రకారం గొంతు మార్చుకుంటున్నాననీ ఒకసారి అన్నారు. నాకు రాని విషయం కనుక తల ఊపాను.

ఫిబ్రవరి రెండో గురువారం వెళ్ళేసరికి ఆయన టీ పెట్టలేదు. స్పైరల్ పుస్తకం మూసి బల్ల మీద ఉంది. ముందురోజు ఫోనులో కొచ్చి తమ్ముడికి, అదే ఆ పినతండ్రి కొడుక్కి, అధ్యాయం మొత్తం పాడి వినిపించారట. నాలుగు చోట్ల అతను ఆపేశాడట. అక్కడ మాట దగ్గర ఆగాలి అన్నా, నువ్వు ఆగకుండా తరువాతి మాటతో కలిపేస్తున్నావు అన్నాడట. పేజీలో అలాగే ఉందని ఈయన అంటే, అతను తన పుస్తకం చూసి, కాదు, ఆ కోణం అచ్చు గుర్తుకు కుడివైపున ఉందని చెప్పాడట. నాలుగు చోట్లా అదే.

“నాకది ఎడమ పక్క కనిపిస్తోంది సార్. మా సొంత అన్నకి ముసిల్తనంలో మొదట కుడీ ఎడమా ఎల్లిపోనాయి. చొక్కా చేతులు తారుమారుగా తొడుక్కునేవోడు. ఆ తర్వాత మనుషులు ఎల్లిపోనారు. నన్ను కూడా గుర్తుపట్టలేదు. ఇప్పుడు నాకూ మొదలయినట్టుంది.”

పేజీని అనుమానించడం ఆయనకు తోచలేదు. గీసింది నేను, పరీక్షించి సంతకం పెట్టింది తాను. ఇక మిగిలింది తన తలే. ఆ పుస్తకం నా చేతికి అందేంత దూరంలో ఉంది. నేను తెరిచి చూడలేదు. మీ వయసులో ఎవరికైనా అలా అవుతుందండీ, రెండు రోజులు విశ్రాంతి తీసుకోండి అని ఏవో నాలుగు ముక్కలు చెప్పి వచ్చేశాను.

మరునాడు, శుక్రవారం ఉదయం, ఆఫీసుకు వెళ్ళగానే నవంబరు ప్రూఫునూ సాధన పేజీల నకలునూ పక్కపక్కన పరిచాను. పది నిమిషాలు పట్టలేదు. నవంబరులో యెతీవ్ అచ్చు గుర్తుకు కుడివైపున ఉంది. సాధన పేజీల్లో ఎడమవైపున ఉంది. ఆకారం ఒకటే అయిన ఆ రెండు గుర్తులకూ తేడా ఆ స్థానమే. అచ్చుకు కుడివైపున ఉంటే యెతీవ్, ఆగి పాడాలి. ఎడమవైపున ఉంటే మహపాఖ్, కలిపి పాడాలి. మార్జిను శుభ్రం చేస్తున్నాననుకుని నేను గ్రంథంలో ఉన్న యెతీవ్‌లన్నిటినీ మహపాఖ్‌లుగా మార్చేశాను. పేజీలో ఏముందో ఎలియాస్ గారు సరిగ్గా అదే చూశారు, అదే పాడారు.

ముడి విప్పి, యెతీవ్‌కు వేరే యాంకరు పెట్టి, పట్టికలు సరిచేసి, పరీక్ష అచ్చు తీయడానికి గంట పట్టింది. మార్పుల పుస్తకంలో ‘స్థాన సవరణ’ అని రెండు మాటలు రాశాను. ఎందుకు సవరించవలసి వచ్చిందో రాయలేదు.

ఫోను చేయాలి. బల్ల మీదే ఉంది ఫోను. ఎందుకు చేయలేదో నాకు తెలుసు, ఇక్కడ దాచడం లేదు. నా ఫాంటు ఒక్కటి కూడా వెనక్కి రాలేదన్న పేరుకు మచ్చ పడుతుందన్న భయం కొంత. నేనే రాసిన నియమాన్ని నేనే తప్పానన్న సిగ్గు కొంత. అన్నిటికన్నా ఎక్కువ, ఆ గురువారాలు పోతాయన్న బెంగ. వారానికి ఒక్కరోజు, ఒక్క గంట, ఒక మనిషి నా కోసం టీ పెట్టి ఎదురుచూసేవాడు. అది పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. సరిచేసిన పేజీలు చేతికిస్తే ఆయన సరిగా పాడతారు, భయం దానంతటదే పోతుంది, చెప్పవలసిన అవసరమే ఉండదు అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

మరుసటి గురువారం కొత్త స్పైరల్ పుస్తకం తీసుకెళ్ళాను. కాగితం మెరుగైనదని అబద్ధం చెప్పి పాతది వెనక్కి ఇమ్మన్నాను. ఆయన ఇవ్వలేదు, రెండూ ఉండనీయండి అన్నారు. కొత్తదానిలో చూసి పాడారు. నాలుగు చోట్లా ఆగినట్టే నాకు వినిపించింది. నేను ఆయన ముఖం వైపు ఆశగా చూశాను. ఆయన పుస్తకం మూసేశారు.

“ఇవాళ బాగానే ఉంది. మా అన్నకీ అంతే, ఒకరోజు బాగుండేవోడు, ఒకరోజు ఉండేవోడు కాదు. నిన్ననే తమ్ముడికి చెప్పేశాను సార్, ఇంకెవర్నైనా చూసుకోమని. బయటి నుంచి వస్తున్న ఒకాయన పాడతానన్నాడంట. టికెట్టు కూడా క్యాన్సిల్ చేసేశాను. సభలో నిలబడి కుడీ ఎడమా తప్పితే మా నాన్నకి తలవంపులు గదా.”

నేను చేయని ఫోనుకు శుక్రవారం నుంచి బుధవారం దాకా అయిదారు రోజుల గడువు ఉండింది. అది ముందురోజే అయిపోయింది. అప్పుడైనా చెప్పవలసింది. టీ తాగి, కప్పు కింద పెట్టి, వస్తానని చెప్పి లేచాను. మెట్లు దిగి కొట్టు ముందు చీరల మూటల పక్కన కాసేపు నిలబడ్డాను. మళ్ళీ పైకి వెళ్ళలేదు.

ఆదివారం చింతాద్రిపేట వెళ్ళాను. మా అక్క పిల్లలు వాళ్ళలో వాళ్ళు అరవంలో మాట్లాడుకుంటున్నారు. అక్క దోసె వేస్తూ నా ముఖం చూసి ఏమైందని అడిగింది. ఫాంట్ల సంగతి ఆమెకు తెలియదు. అయినా జరిగింది మొత్తం చెప్పాను. ఆమె పెనం మీద దోసె తిప్పడం మరిచిపోయి విన్నది.

“ఆయప్పకు చెప్పినావా లేదా?”

“సరిచేసి ఇచ్చేసినాను గదక్కా.”

“ఇచ్చినావు, సరి. ఆడ ఆ పెద్దాయన నా తల చెడిపోయె అని కూచోనుండాడు. ఈడ నువ్వు దోసె తింటా ఉండావు. ఐయో, మంచోడికి పిచ్చోడని పేరు పెట్టి వచ్చినావే రా! లేచి పో. రేపే పో.”

ఆమె నా కంటే ఏడేళ్ళు పెద్దది. చిన్నప్పటి నుంచీ నన్ను అలా తిట్టడం మామూలే. ఆ రోజు మాత్రం ప్లేటు తీసేసి మరీ తిట్టింది.

సోమవారం సెలవు పెట్టి వాషర్‌మెన్‌పేట్ వెళ్ళాను. గురువారం కాని రోజు వచ్చినందుకు ఎలియాస్ గారు కంగారుపడ్డారు. నిలబడే చెప్పాను. డిసెంబరులో ఏం చేశానో, ఎందుకు చేశానో, ఆయన కళ్ళూ తలా సరిగానే ఉన్నాయనీ, తప్పు నా పేజీలో ఉందనీ చెప్పాను. ఆయన రెండు పుస్తకాలూ తెచ్చి దీపం కింద పెట్టారు. భూతద్దంతో పాతదాన్ని చూశారు, కొత్తదాన్ని చూశారు. నాలుగు చోట్లూ అలాగే చూశారు. అంతసేపూ కింద కొట్టులో గుమాస్తాలు మూటల నెంబర్లు అరుస్తున్నారు. చివరికి భూతద్దం బల్ల మీద పెట్టి వెనక్కి వాలారు. మొదట అది ఊరట అనుకున్నాను. ఊరట కొంత ఉందేమో.

“ఇది మీకెప్పుడు తెలిసింది సార్?”

పోయిన వారం ముందు శుక్రవారం అని చెప్పాను. ఆయన వేళ్ళ మీద లెక్క వేశారు.

“పది రోజులు. మధ్యలో ఒక గురువారం వచ్చినారు. కూచున్నారు. టీ తాగినారు.”

అవునన్నాను.

“ఈ పది రోజులు నేను పొద్దున్న లేచి చొక్కా తొడుక్కోడానికి భయపడినాను. చెయ్యి ఎటు పెడతానో అని అద్దం ముందు నిలబడేవోణ్ణి. మీకు తెలుసు గదేటి.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు సులువయ్యేది. క్షమించమని అడిగాను. ఆయన నన్ను కూర్చోమన్నారు. పాత పుస్తకం తెరిచి, మొదటి తప్పు ఉన్న పంక్తిని నేను అచ్చువేసినట్టే పాడారు. తరువాత కొత్తది తెరిచి అదే పంక్తి పాడారు. అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అందుకున్నారు. ఎనిమిది నెలలు నేను ఆ గుర్తుల మీద పనిచేశాను. వాటి మధ్య తేడా ఏమిటో విన్నది అప్పుడే.

కొచ్చికి ఫోను చేసి మళ్ళీ వస్తానని చెప్పమని బతిమాలాను. శనివారానికి ఇంకా అయిదు రోజులుంది, టికెట్టు నేను తీసుకుంటానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. వచ్చే అతిథికి మాట ఇచ్చేశారు, అతను అప్పుడే సాధన మొదలుపెట్టేశాడట, అతని నోటి దగ్గర నుంచి లాక్కోవడం మర్యాద కాదన్నారు. వచ్చే ఏడాది అని నేను అనబోయి ఆగిపోయాను. ఆయనే అన్నారు, వచ్చే ఏడాదికి ముప్ఫై ఆరు పాయింట్లు చాలవు సార్ అని. నేను మెట్లు దిగేటప్పుడు ఆయన గుమ్మం దాకా వచ్చారు. ఇక మీదట ప్రూఫులు పోస్టులో పంపండి, సంతకం పెట్టి పంపిస్తాను అన్నారు.

ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు వెళ్ళి మార్పుల పుస్తకంలో ఆ రెండు మాటలు కొట్టేసి, జరిగినదంతా ఒక పేజీ రాశాను. డైరెక్టరు చదివి, ప్రచురణకర్తకు తెలియజేసి, నాకు హెచ్చరిక లేఖ ఇచ్చారు. ఉద్యోగంలో నాకు అందిన ఒకే ఒక్క హెచ్చరిక అది, న్యాయమైనది. సరిచేసిన ఫాంటు మొత్తం ప్రూఫు ఎలియాస్ గారికి పోస్టులో వెళ్ళింది. మూడు వారాల్లో తిరిగి వచ్చింది. ప్రతి పేజీ కిందా సంతకం ఉంది. రెండు చోట్ల, అక్షరం మెడ మరీ పొడుగైందని పెన్సిలుతో రాశారు. అది తప్ప నాకు రాసినదేమీ లేదు. ఫాంటు సకాలంలో విడుదలైంది, ఇప్పటికీ వాడుకలో ఉంది. నేను మళ్ళీ వాషర్‌మెన్‌పేట్ వెళ్ళలేదు. గురువారాలు మధ్యాహ్నం నా బల్ల దగ్గరే ఉండేవాణ్ణి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారు గుర్తుల స్థానాల గురించి నన్ను అడుగుతుంటారు. ఆకారం ఒకటైనంత మాత్రాన యాంకరు ఒకటి కాదని చెబుతాను. భాష రాకుండా ఫాంటు చేయవచ్చు గాని, చదివేవాడు పక్కన లేకుండా చేయకూడదని చెబుతాను. అవి ఎవరైనా నేర్పగలరు. నేను నేర్చుకున్నది వేరు. అచ్చులో తప్పును ఫైలులో సరిచేస్తే ఫైలు మాత్రమే బాగుపడుతుంది. తప్పు మాదని చెప్పేదాకా, చదివేవాడు దాన్ని తనదిగానే మోస్తాడు. రిటైరయ్యేలోపు మిగిలిన ఏడాదిలో నేను ఇంకా మూడు తప్పులు చేశాను. మూడుసార్లూ ముందు ఆ పేజీలు వాడుతున్న మనిషికి ఫోను చేసి, తరువాతే ఫైలు తెరిచాను. ముగ్గురూ నన్ను తిట్టారు, ముగ్గురూ తమ పని చేసుకోగలిగారు. ఎలియాస్ గారికి మాత్రం ఫోను చేయవలసిన శుక్రవారం ఒక్కటే ఉండింది. ఆ రోజు నేను యాంకరు సరిచేస్తూ కూర్చున్నాను.